పొగాకు మానిపించే ప్రచారం: ఏది పని చేస్తుంది, మీ ఊళ్ళో ఎలా చేయాలి

విజయనగరం జిల్లాలో ఎన్‌ఎస్‌ఎస్ చూసుకునే ఒక డిగ్రీ కాలేజీ మాస్టారు అడిగిన ప్రశ్న ఇది: "ఈ ఏడాది మా దత్తత గ్రామంలోనూ కాలేజీలోనూ పొగాకు వ్యతిరేక ప్రచారం చేయమన్నారు. సినిమా హాల్లో ముకేశ్ ప్రకటన వస్తే మా పిల్లలే డైలాగులు ముందుగా చెప్పేసి నవ్వుతారు. ప్యాకెట్ మీద అంత పెద్ద బొమ్మ ఉన్నా కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. ఇలాంటి ప్రచారాల వల్ల నిజంగా ఎవరైనా మానేశారా? చేయాలంటే ఎలా చేయాలి?"

మాస్టారూ, మానేశారు. లక్షల్లో మానేశారు. నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని. ఉత్తరాంధ్ర తీరంలో పీహెచ్‌సీల్లో చేశాక, జిల్లా స్థాయిలో పొగాకు నియంత్రణ పనే చూశాను. మీ పిల్లల నవ్వు నాకు కొత్త కాదు. ఆ నవ్వు చూసి 'ఇదంతా దండగ' అని తేల్చేసిన అధికారులనీ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్కలు. మన దేశంలో పెద్దవాళ్ళ పొగాకు వాడకం మీద గ్యాట్స్ అనే పెద్ద సర్వే ఉంది. 2009-10లో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్ళు 34.6 శాతం ఉంటే, 2016-17 నాటికి 28.6 శాతానికి దిగారు. పొగ తాగేవాళ్ళని మాత్రమే చూస్తే 14 శాతం నుంచి 10.7కి తగ్గారు. ఆ కాలంలో చాలా పనులు కలిసి జరిగాయి. బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. 2009లో ప్యాకెట్ల మీద బొమ్మలు మొదలై, 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌లో 85 శాతం ఆక్రమించాయి. 2012 అక్టోబరు 2 నుంచి సినిమాల్లో సిగరెట్ కనిపిస్తే ఆటకి ముందూ మధ్యలోనూ ప్రకటన వేయాల్సి వచ్చింది. ధరలూ పెరిగాయి. ఇందులో ప్రచారం వాటా ఎంత అంటే ఈ లెక్కల నుంచి విడదీసి చెప్పడం కష్టం.

విడదీసి చూసే అవకాశం అమెరికాలో ఒకసారి అనుకోకుండా దొరికింది. సిగరెట్ ప్రకటనలు వేసే టీవీ, రేడియో స్టేషన్లు పొగ వల్ల కలిగే నష్టం చెప్పే ప్రకటనలకి కూడా ఉచితంగా సమయం ఇవ్వాలని 1967లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆదేశించింది. సుమారుగా మూడు సిగరెట్ ప్రకటనలకి ఒక వ్యతిరేక ప్రకటన పడేది. ఆ మూడేళ్ళూ తలసరి సిగరెట్ వాడకం తగ్గుతూ వచ్చింది. తర్వాత 1971 జనవరి 2 నుంచి టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనల్నే నిషేధించారు. దాంతో ఉచితంగా పడే వ్యతిరేక ప్రకటనలూ చాలావరకు పోయాయి. అప్పుడేమైంది? వాడకం మళ్ళీ పెరిగింది. ఆ నిషేధానికి చివరికి కంపెనీలు కూడా ఒప్పుకున్నాయంటే, ఆ చిన్న ప్రకటనలు వాళ్ళని ఎంత ఇబ్బంది పెట్టాయో అర్థమవుతుంది.

ఇక మీ పిల్లల నవ్వు సంగతి. ముకేశ్ మహారాష్ట్ర కుర్రాడు, 24 ఏళ్ళకే నోటి క్యాన్సర్‌తో పోయాడు. అతను తిన్నది గుట్కా. సిగరెట్ తాగే పిల్లాడికి ఆ ప్రకటన 'ఇది నా గురించి కాదులే' అనిపించడంలో ఆశ్చర్యం లేదు. పైగా ఒకే ప్రకటన ఏళ్ళ తరబడి, అదీ సినిమా కోసం ఆత్రంగా కూర్చున్నప్పుడు వస్తే ఎంత బాధాకరమైనదైనా అలవాటైపోతుంది. నవ్వు చాలాసార్లు భయాన్ని పక్కకి తోసే పద్ధతి కూడా. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ ప్రకటన చూసి నిజంగా కదిలిపోయినవాడు ఆ రాత్రి ఏం చేయాలి? ఎక్కడికి వెళ్ళాలి, ఎవర్ని అడగాలి? హాల్లోంచి బయటికి రాగానే అతనికి కనబడేది కిళ్ళీ కొట్టు.

'ఈ నగరానికి ఏమైంది' ప్రకటన మీ పిల్లలకి ఇంకా బాగా నోటికి వచ్చి ఉంటుంది. ఆ మాట ఒక తెలుగు సినిమాకి పేరుగా కూడా మారింది. అది పొగ తాగేవాడి కంటే పక్కనున్నవాళ్ళతో ఎక్కువ మాట్లాడుతుంది, ఎందుకు ఊరుకుంటున్నారు అని అడుగుతుంది. బస్టాండులో పక్కవాడికి 'బాబూ, అవతలికెళ్ళి తాగు' అని చెప్పే చొరవ మనవాళ్ళకి ఈ పదిహేనేళ్ళలో వచ్చిందంటే, అందులో ఆ ప్రకటనకీ భాగం ఉందని నా నమ్మకం. నవ్వుతూ అయినా మాట జనంలోకి వెళ్ళింది. ఊపిరితిత్తుల్ని స్పాంజితో పోల్చే ప్రకటన అయితే ఆస్ట్రేలియాలో 1979 ప్రాంతంలో పుట్టింది. మంచి ప్రకటన దేశం మారినా తరం మారినా పనికొస్తుంది. కాబట్టి మీ పిల్లలు కొత్త వీడియో తీయాలని తాపత్రయపడక్కర్లేదు, ఉన్నవే సరిపోతాయి.

ప్రకటనకి తర్వాతి మెట్టు జోడిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అమెరికాలోనే ఉంది. 2012 మార్చిలో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, పొగ వల్ల జబ్బుపడిన మామూలు మనుషుల్ని టీవీలో చూపించింది. నార్త్ కరోలినాకి చెందిన టెర్రీ హాల్ అనే ఆవిడ గొంతు క్యాన్సర్‌తో స్వరపేటిక తీయించుకున్నారు. ప్రకటనలో ఆవిడ పొద్దున్న తయారవుతుంటారు. ముందు కట్టుడు పళ్ళు పెట్టుకుంటారు, తర్వాత విగ్గు, ఆ తర్వాత గొంతులోని రంధ్రానికి మాట్లాడే పరికరం అమర్చుకుని పైన స్కార్ఫ్ చుట్టుకుంటారు. డాక్టర్ ఉపన్యాసం లేదు, గణాంకాలు లేవు. చివర్లో మాత్రం ఫోన్ నంబరు ఉంది. 2013 సెప్టెంబరులో ఆవిడ చనిపోయారు, 53 ఏళ్ళు. ప్రకటనలు నడిచిన పన్నెండు వారాల్లో ఆ నంబరుకి కాల్స్ రెట్టింపు దాటాయి. సుమారు 16 లక్షల మంది అదనంగా మానే ప్రయత్నం చేశారని, వాళ్ళలో కనీసం లక్ష మంది శాశ్వతంగా మానేస్తారని 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో లెక్కగట్టారు.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి మాస్టారూ. ప్రయత్నించినవాళ్ళు 16 లక్షలు, నిలబడేవాళ్ళు లక్ష. నా అనుభవంలో ఈ పని మొత్తం ఆ రెండు అంకెల మధ్యలోనే ఉంది. ప్రకటన మనిషిని ప్రయత్నం దాకా తీసుకొస్తుంది. అక్కడి నుంచి మొదటి నెల గట్టెక్కించడం ప్రకటన వల్ల అయ్యే పని కాదు, దానికి మనిషి కావాలి. మన దేశంలోనూ అంతే. రెండో గ్యాట్స్ సర్వేలో పొగ తాగేవాళ్ళలో 38.5 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో మానడానికి ప్రయత్నించామన్నారు. అంటే మీ ఊళ్ళో చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళు పదిమంది ఉంటే ముగ్గురు నలుగురు మీరు చెప్పకముందే ఒకసారి మానాలని చూసి ఉంటారు. 'పొగ తాగితే క్యాన్సర్ వస్తుంది' అని వాళ్ళకి మళ్ళీ చెప్పాల్సిన పని లేదు. డాక్టరు దగ్గరికో నర్సు దగ్గరికో వెళ్ళిన పొగతాగేవాళ్ళలో మానమని సలహా అందింది దాదాపు సగం మందికే. ఇది మా వృత్తి మీద ఉన్న బాకీ.

ఇంగ్లాండులో ఈ విషయం బాగా గ్రహించారు. 2012 అక్టోబరులో 'స్టాప్టోబర్' అని మొదలుపెట్టారు. జీవితాంతం మానమని అడగలేదు, అక్టోబరులో 28 రోజులు మానమన్నారు, అదీ అందరూ కలిసి ఒకే తేదీన. 28 రోజులు ఆపగలిగినవాడు పూర్తిగా మానేసే అవకాశం బాగా ఎక్కువ కనక. ఆ మొదటి ఏడాది సుమారు 3.5 లక్షల అదనపు ప్రయత్నాలు జరిగాయని తేలింది. ఒక తేదీ, ఒక గడువు, పక్కన తోడు. మీ దత్తత గ్రామంలో చేయడానికి ఇంతకంటే సులువైన నమూనా లేదు. మన వైపు అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ బీడీ ముట్టనివాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. దీక్ష విరమించిన రోజు సాయంత్రం మళ్ళీ వెలిగిస్తారు. దేహం అప్పటికే నికోటిన్ లేకుండా బతకడం నేర్చుకుంది. ఆ రోజు పక్కన ఎవరైనా ఉండి 'ఇన్నాళ్ళు ఆపావు కదా, ఈ వారం కూడా చూద్దాం' అంటే చాలు. మాల తీసే సమయానికి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళమని మీ పిల్లలకి చెప్పండి. పాస్టర్లు, మసీదు పెద్దలు కూడా ఉపవాసాల నెలల్లో ఇదే సాయం చేయగలరు.

ఇప్పుడు మీ ప్రాంతం సంగతి. దీని గురించి నేను ఎక్కువ రాయాలి, ఎందుకంటే ప్రపంచంలో పొగాకు ప్రచారాల చరిత్ర రాస్తే అందులో మీ పక్క ఊళ్ళకి ఒక పేజీ ఉంటుంది. మనవైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటాం. ఈ మాట చెబితే బయటి డాక్టర్లు నమ్మేవాళ్ళు కాదు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చిన అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. అందులో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళే. అప్పటికి మీ విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, అది 1979లో వచ్చింది. నిప్పు వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి, మిగతా చోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనబడేది.

తర్వాత టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకి చెందిన దంత పరిశోధకులు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన శ్రీకాకుళం, ఈ మూడు చోట్లా కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్ళి నోరు పరీక్షించడం, ఆ మనిషితో విడిగా మాట్లాడటం, దాంతో పాటు పోస్టర్లు, సినిమాలు, రేడియో, పత్రికలు. ఏడాదికోసారి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళడం. అయిదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. అదే ప్రాంతాల్లో అంతకు ముందు ఏ సలహా లేకుండా కేవలం పరిశీలించినవాళ్ళతో పోలిస్తే మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు చాలా ఎక్కువ. నోటి గాయాలూ మచ్చలూ కొత్తగా రావడం తగ్గింది. శ్రీకాకుళంలో అంగిలి మార్పులు మగవాళ్ళలో బాగా తగ్గాయి, ఆడవాళ్ళలోనూ తగ్గాయి గాని అంతగా కాదు. స్మార్ట్‌ఫోను లేదు, టీవీ లేదు, చాలామందికి చదువు లేదు. అయినా పని చేసింది. ఇంటికి వెళ్ళిన మనిషి మళ్ళీ వెళ్ళాడు. నా లెక్కలో ఫలితానికి అసలు కారణం అదే.

ఆడవాళ్ళలో ఎందుకు తక్కువ తగ్గింది? తీరం ఊళ్ళలో నేను విన్న మాటలు ఇవి. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదు. చంటిబిడ్డ మీద నుసి పడదు. చుట్ట ఎక్కువ సేపు వస్తుంది. చేతులు ఖాళీగా ఉంటాయి, పని ఆగదు. అన్నిటికీ మించి, అమ్మ నేర్పింది. ఇవన్నీ ఆ తల్లి రోజు గడవడానికి సంబంధించిన కారణాలు. 'అజ్ఞానం' అని మొదలుపెట్టే ఉపన్యాసం వాళ్ళ ముందు ఎందుకూ కొరగాదు. నేను సంచిలో టార్చితో పాటు ఒక చిన్న అద్దం పెట్టుకు తిరిగేవాణ్ణి. నోరు తెరిపించి, అద్దం ఆవిడ చేతికే ఇచ్చి, టార్చి వేసి అంగిలి చూపించేవాణ్ణి. తెల్లగా మందంగా అయిన చర్మం, మధ్యలో చిన్న చిన్న ఎర్రచుక్కలు. తన నోరు లోపల ఎలా ఉందో అప్పటిదాకా ఆవిడ ఎన్నడూ చూసి ఉండదు. కాసేపు మాట ఉండదు. తర్వాత అడిగే మొదటి ప్రశ్న దాదాపు అందరిదీ ఒకటే: "మానేత్తే ఇది పోద్దా బాబూ?" క్యాన్సర్ దాకా పోని మార్పులు చాలావరకు మానాక తగ్గుతాయి. ఆ మాట చెప్పగలగడం ఏ పోస్టరు మీది భయంకరమైన బొమ్మ కంటే బలమైనది. మానని పుండు గాని, ఎర్రటి మచ్చ గాని, గడ్డ గాని కనబడితే మాత్రం వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపాలి. ఈ పని మీ విద్యార్థులు సొంతంగా చేయకూడదు. దగ్గరి డెంటల్ కాలేజీ వాళ్ళనో పీహెచ్‌సీ డాక్టరునో వెంట తీసుకెళ్ళండి, అద్దం మాత్రం మరిచిపోవద్దు.

కాబట్టి మొదటి వారం ప్రచారం చేయకుండా కేవలం అడిగి తెలుసుకోండి. మీ ఊళ్ళో తాగేది చుట్టా, బీడీయా, సిగరెట్టా? ఖైనీ ఎంతమంది వేస్తారు? ఎప్పుడు మొదటిది వెలిగిస్తారు, నిద్ర లేవగానేనా, టీ తర్వాతా? సిగరెట్ బొమ్మకి ఎర్ర గీత కొట్టిన ఫ్లెక్సీని చుట్ట తాగే ఊళ్ళో కడితే అది ఎవరి గురించో ఆ ఊరికి తెలియదు.

ప్యాకెట్ మీద బొమ్మ గురించి అడిగారు. అది పని చేస్తుంది. సిగరెట్ తాగేవాళ్ళలో 61.9 శాతం, బీడీ తాగేవాళ్ళలో 53.8 శాతం ఆ హెచ్చరిక చూసి మానాలనిపించిందని రెండో గ్యాట్స్ సర్వేలో చెప్పారు. కానీ మీ కాలేజీ గేటు దగ్గరి బడ్డీ ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. కుర్రాడు వస్తాడు, చిల్లర ఇస్తాడు. కొట్టువాడు ప్యాకెట్ మూత తీసి ఒకటి బయటికి లాగి ఇస్తాడు, ప్యాకెట్ మళ్ళీ గల్లా పక్కకి వెళ్ళిపోతుంది. తాడుకి వేలాడే లైటర్‌తో వెలిగించుకుని కుర్రాడు వెళ్ళిపోతాడు. బొమ్మ, 'ఈ రోజే మానండి' అన్న మాట, 1800-11-2356 అనే ఉచిత నంబరు, అన్నీ కొట్టువాడి దగ్గరే ఉండిపోయాయి. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు ప్యాకెట్ మీద వేస్తున్నారు, కానీ విడిగా కొనే పిల్లాడి కంట అది పడదు. విడి సిగరెట్ల అమ్మకాన్ని కర్ణాటక, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలు నిషేధించాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ దీన్ని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది: ఆ నంబరునీ, ఆ బొమ్మనీ కాలేజీ టాయిలెట్ తలుపు లోపలివైపు, టీ స్టాలు గోడ మీద, అంటే నిజంగా వెలిగించే చోట అంటించండి. సెమినార్ హాల్లో అంటిస్తే తాగనివాళ్ళే చదువుతారు.

విద్యాసంస్థకి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్ళ లోపువాళ్ళకి అసలే అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) చెబుతోంది. గేటు నుంచి టేపు పట్టి కొలిచి, ప్రిన్సిపాల్ సంతకంతో మండల అధికారులకీ పోలీసులకీ కాగితం పెట్టండి. ముందు ఆ బడ్డీ ఆయనతో కూర్చుని మాట్లాడండి. చాలామంది బతుకుతెరువు కోసం పెట్టుకున్నవాళ్ళే. టీ, బిస్కెట్లు, జిరాక్సు, రీచార్జి మీద నడిచే దారి ఉంటే వాళ్ళలో చాలామంది గొడవ లేకుండా ఒప్పుకుంటారు. ఈ-సిగరెట్లు, వేప్‌లు 2019 నుంచి దేశమంతటా నిషేధం. 'అది సిగరెట్ కాదు సార్' అనే పిల్లలకి ఆ సంగతి చెప్పాలి.

కాలేజీలో ఏం చెప్పాలన్నది ఊళ్ళో చెప్పేదానికి పూర్తిగా వేరు. ఇరవై ఏళ్ళవాడికి అరవై ఏళ్ళకి వచ్చే క్యాన్సర్ పట్టదు. ఈ విషయంలో అమెరికాలో రెండు ప్రచారాలు పక్కపక్కన నడిచాయి. ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీయే 1998లో పిల్లల కోసం 'ఆలోచించు, పొగ తాగకు' అనే అర్థంలో ప్రకటనలు వేసింది. అదే ఏడాది ఫ్లోరిడాలో మొదలై 2000లో దేశమంతా వ్యాపించిన 'ట్రూత్' ప్రచారం ఆరోగ్యం గురించి తక్కువ, కంపెనీలు పిల్లల్ని ఎలా వలలో వేసుకుంటున్నాయో ఎక్కువ చెప్పింది. 2002లో వచ్చిన అధ్యయనం ప్రకారం 'ట్రూత్' చూసిన పిల్లల్లో పొగ మీద వ్యతిరేకత పెరిగింది. కంపెనీ ప్రకటన చూసిన పిల్లల్లో మాత్రం ముందుముందు తాగొచ్చులే అన్న ఆలోచన కాస్త పెరిగింది. 'నువ్వు చిన్నవాడివి, ఇది పెద్దవాళ్ళ వ్యవహారం' అని చెబితే పెద్దవాడిననిపించుకోవాలని తహతహలాడే పిల్లాడికి దారి చూపించినట్టే. మీ పోస్టర్ల పోటీలో పుర్రె బొమ్మలు, చితిమంటలు తగ్గించండి. దాని బదులు పిల్లల చేతే లెక్క వేయించండి: రోజుకి అయిదు సిగరెట్ల చొప్పున డిగ్రీ మూడేళ్ళలో ఖర్చెంత, ఆ డబ్బు ఎవరికి వెళ్ళింది, తమ వయసువాళ్ళే కంపెనీకి ఎందుకు కావాలి. పాతవాళ్ళు పోతుంటారు కాబట్టి వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు కావాలి. ఈ మాట అర్థమైన పిల్లాడికి వచ్చే కోపం చాలా పనికొచ్చే కోపం.

ధర గురించి ఎక్కువ చెప్పను, అది మీ చేతిలో లేదు. పన్ను పెంచి ధర పెంచితే వాడకం తగ్గుతుందని ప్రపంచమంతా రుజువైంది, పేదవాళ్ళలో, కుర్రాళ్ళలో ఇంకా ఎక్కువగా. అయినా 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. మన దేశంలో సిగరెట్ కంటే బీడీ తాగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఈ నిర్ణయం నన్ను చాలా బాధపెట్టింది. బీడీ కార్మికుల బతుకు కోసం అన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్ళ కష్టం నిజం. రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తూ వాళ్ళు పడే దగ్గు కూడా నిజమే. వాళ్ళకి కావాల్సింది మంచి కూలీ, వేరే పని నేర్చుకునే దారి, పింఛను. బీడీ చవకగా దొరికితే ఆ చెల్లెళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళే ముందు తాగుతారు. ప్రచారంలో ఎక్కడా ఆ కార్మికుల్ని గాని, ప్రకాశం వైపు పొగాకు రైతుల్ని గాని దోషులుగా చూపించకండి.

ఇక అసలు పని, మొదటి నెల గట్టెక్కించడం. మానేసిన రెండు మూడు రోజులకి చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం బాగా ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. తాగాలనే కోరిక తన్నుకొచ్చినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ నీళ్ళు తాగడం, సోంపు గింజలు గాని లవంగం గాని నోట్లో వేసుకోవడం, లేచి నడవడం, ఎవరికైనా ఫోన్ చేయడం పనికొస్తాయి. మీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒకరిద్దర్ని అప్పజెప్పండి. మొదటి వారం రోజూ, తర్వాత రెండు మూడు రోజులకోసారి వెళ్ళి పలకరించాలి. తాతకి మనవడి వయసు పిల్లాడు వచ్చి 'ఏం తాతా, ఎలా ఉంది?' అని అడిగితే దాని బలమే వేరు. మధ్యలో ఒకటి తాగేస్తే తిట్టకూడదు, రేపు మళ్ళీ మొదలుపెడదాం అనాలి. ఎక్కువమంది ఒక్కసారితో మానలేరు.

1800-11-2356 నంబరుకి ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి, ఏ వేళల్లో పలుకుతుందో, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎప్పుడుంటారో కనుక్కోండి. దక్షిణాది భాషల కోసం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కేంద్రం ఉంది. ఊళ్ళోవాళ్ళకి నంబరు రాసిచ్చి వదిలేయకుండా, పిల్లాడు తన ఫోన్‌లో కలిపి చేతికివ్వాలి. లేవగానే అరగంటలోపు మొదటిది వెలిగించేవాళ్ళకి మాటలతో పాటు మందు సాయం కూడా కావాలి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నెమ్మదిగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి, అలా అరగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ తాగకూడదు. ఇది ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది 'గమ్ పనిచేయలేదు, కడుపులో మంట వచ్చింది' అని పారేస్తారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడిగే వాడాలి. జిల్లా ఆసుపత్రిలో పొగాకు మానిపించే కౌన్సెలర్ ఉన్నారేమో కనుక్కుని ఒకరోజు ఊరికి పిలవండి. ఆశా కార్యకర్తకీ ఏఎన్‌ఎంకీ మొదటి రోజు నుంచే చెప్పి కలుపుకోండి, మీ క్యాంపు అయిపోయాక ఊళ్ళో ఉండేది వాళ్ళే.

మే 31 పొగాకు వ్యతిరేక దినం నాడు ర్యాలీ పెట్టుకోండి, ఫొటోలు కాలేజీకి అవసరమే. కానీ దాన్ని ముగింపుగా కాకుండా, మానే తేదీగా ప్రకటించండి. అందుకు ఏప్రిల్‌లోనే ఇళ్ళకి తిరిగి పేర్లు రాసుకోవాలి. మొదటి 28 రోజుల గడువు జూన్ 27కి పూర్తవుతుంది. ఆ రోజు మానినవాళ్ళని పేరుపేరునా పిలిచి ఊళ్ళో అందరి ముందూ నాలుగు మాటలు మాట్లాడించండి. వచ్చే ఏడాది మీకు ప్రచారకులు వాళ్ళే.

చివరిగా లెక్క. ఎన్ని కరపత్రాలు పంచాం, ఎంతమంది ర్యాలీలో నడిచారు అన్నది రిపోర్టులో రాస్తాం గాని దానివల్ల ఏమీ తెలియదు. 1970ల చివర్లో ఆస్ట్రేలియా న్యూసౌత్ వేల్స్ రాష్ట్రంలో మూడు పట్టణాలు తీసుకున్నారు. ఒకదాంట్లో ప్రకటనలూ మనుషుల సాయమూ రెండూ, రెండోదాంట్లో ప్రకటనలు మాత్రమే, మూడోదాంట్లో ఏమీ చేయలేదు. పోల్చి చూస్తే ప్రచారం జరిగిన చోట్ల పొగ తాగేవాళ్ళు ఎక్కువగా తగ్గారు. మీరు కూడా దత్తత గ్రామంతో పాటు దాని పక్క ఊరు ఒకటి తీసుకోండి. రెండు చోట్లా మార్చిలోనే ఇంటింటికీ వెళ్ళి మూడే ప్రశ్నలు అడగండి: గత వారంలో ఏం తాగారు లేదా నమిలారు, రోజుకి ఎన్ని, గత ఏడాదిలో ఒక్క రోజైనా మానాలని చూశారా. నవంబరులో అవే ఇళ్ళకి వెళ్ళి అవే ప్రశ్నలు అడగండి. ఇల్లు మారినవాళ్ళని, తలుపు తీయనివాళ్ళని మానినవాళ్ళ లెక్కలో కలపకండి. ప్రచారం చేసిన పిల్లల్నే ఆ ప్రశ్నలకి పంపొద్దు, మొహమాటానికి 'మానేశాం బాబూ' అంటారు. వేరే బ్యాచ్‌ని పంపండి. నవంబరు లెక్క అయ్యాక పక్క ఊరివాళ్ళకి కూడా అద్దం, నంబరు, తోడు అన్నీ అందేలా ముందే వాళ్ళ సర్పంచితో మాట్లాడి పెట్టుకోండి.